బేతంచెర్ల: పేరు పెట్టింది రైలు, మోసింది లారీ

తెలుగువాళ్లు ఇంటి నేలకు పరిచే బండల పేర్లను వరుసగా చెప్పుకుంటూ పోతే ఒక సంగతి బయటపడుతుంది. షాబాదు బండలు, తాండూరు బండలు, మాచర్ల బండలు, తాడిపత్రి బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు. వీటిలో ఏ పేరూ రాయి రంగును గానీ గుణాన్ని గానీ అది పుట్టిన గుట్టను గానీ చెప్పదు. అన్నీ ఊళ్ల పేర్లే. అందులోనూ అన్నీ రైల్వే స్టేషన్లు ఉన్న ఊళ్ల పేర్లే. కడప బండలు అన్నవి కడప పట్నంలో తవ్వినవి కావు, ఎక్కువ భాగం ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో తవ్వినవి. అలాగే బేతంచెర్ల బండ అంటే ఆ ఊరి పొలిమేరలోనే దొరికినది అనుకోనక్కర లేదు. ఆ ఊరి మీదుగా బయటికి వెళ్లినది అని అర్థం. రాయి పుట్టిన చోటు కంటే అది ప్రయాణం మొదలుపెట్టిన చోటే దాని పేరుగా నిలిచిపోయింది.

ఈ పేర్లను బట్టి, రైలు వచ్చింది కాబట్టే గనులు వచ్చాయని, గనులు వచ్చాయి కాబట్టే ఊరు పెరిగిందని చెప్పుకోవడం తేలిక. ఒకప్పటి కర్నూలు జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలోనూ ఉన్న బేతంచెర్ల చరిత్ర ఈ తేలిక కథకు లొంగదు. అక్కడ పట్టాలు పడింది రాయి కోసం కాదు. పట్టాలు పడ్డాక కూడా వాటి వల్ల ఎక్కువ లాభపడింది ఈ బండలకు మూలమైన నాపరాయి కాదు, దాని పక్కనే దొరికే బరువైన ఖనిజాలూ ఆ తర్వాత సిమెంటూ. నాపరాయికి రైలు ఇచ్చిన గట్టి లాభం ఒక చిరునామా. దాన్ని ఊరూరా చేర్చిన పని చాలావరకు లారీది.

ముందు రాయి సంగతి చూడాలి. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో విస్తరించిన కడప శిలా క్షేత్రంలో పైవరుసన ఉండే పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు వర్గం అంటారు. విలియం కింగ్ 1872లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖ తరఫున ప్రచురించిన నివేదికలో కడప, కర్నూలు శిలలను వరుసక్రమంలో పెట్టాడు. ఆయనా ఆయన తర్వాతివారూ వాడిన పేర్లన్నీ మళ్లీ ఊళ్ల పేర్లే: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. అడుగున వజ్రాలు దొరికే బనగానపల్లె గులకరాతి పొర, దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు పలకరాయి, పాణ్యం గట్టిరాయి, మళ్లీ కోవెలకుంట్ల సున్నపురాయి, చివరికి నంద్యాల పలకరాయి. బేతంచెర్ల బతుకు ఈ మెట్లలో రెండోదాని మీద నిలబడింది.

నార్జి సున్నపురాయి అంతటా ఒకే తీరుగా ఉండదు. కొన్ని చోట్ల మందపాటి ముద్దగా, నీలి బూడిద రంగులో ఉంటుంది. కొన్ని చోట్ల పుస్తకంలో కాగితాల్లా సన్నని పొరలుగా విడిపోతుంది. కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రం అడుగున సున్నపు బురద పేరుకునేటప్పుడు మధ్యమధ్య బంకమన్ను కలిసిన పలుచని పొరలు పడ్డాయి. రాయి గట్టిపడ్డాక కూడా ఆ బంకమన్ను వరుసలే దానిలోని బలహీన రేఖలు. ఉలి అంచును సరిగ్గా ఆ రేఖ మీద పెట్టి సుత్తితో వరుసగా తట్టుకుంటూ పోతే, మందుగుండు లేకుండా, రంపం లేకుండా, రెండు పక్కలా దాదాపు చదునుగా ఉన్న పలక పైకి లేస్తుంది. నాపరాయి అన్న మాటలో జనం చూసే గుణం ఇదే. గ్రానైటును గనిలోంచి బండగా తీసి యంత్రంతో కోస్తే గానీ పలక కాదు. నాపరాయి భూమిలోనే పలకగా ఉంటుంది. పెట్టుబడి లేని మనిషి కూడా గడ్డపార, సమ్మెట, నాలుగు ఉలులు పట్టుకుని ఈ పనిలోకి దిగగలగడానికి మూలం ఇక్కడే ఉంది.

అందుకే రైలు రాకముందే ఈ రాయి వాడుకలో ఉంది. అయితే సరుకుగా కాదు, ఇంటి సామానుగా. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతపు పాత పల్లెల్లో గోడలు నాపరాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. మిద్దెల మీద దూలాలకు అడ్డంగా బండలు పరిచి పైన మట్టి తొక్కేవారు. చేను గట్టున నిలువు బండలు పాతితే కంచె, పశువుల గాటి దగ్గర నిలబెడితే అడ్డుగోడ, బావి పక్కన పరిస్తే బట్టలుతికే చప్టా. చెట్టు తక్కువ, కలప ఖరీదు ఎక్కువైన నేలలో కలప చేసే పనిలో సగం రాయి చేసింది. చుట్టుపక్కల ఎవరి పొలంలో వాళ్లకు దొరికే వస్తువును ఎవరూ కొనరు. అందువల్ల దానికి ధర లేదు, ధర లేనిదానికి పేరూ అక్కర్లేకపోయింది.

రైలు ఈ నేల మీదికి రావడానికి కారణం కరువు. మద్రాసు రైల్వే కంపెనీ వాయవ్య మార్గం అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు చేరి, అక్కడ బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో 1871లో కలిసింది. ఆ దారి కడప నుంచి పెన్న పక్కగా ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సాగిపోయింది గానీ కర్నూలు జిల్లా లోపలి తాలూకాలను తాకలేదు. అయిదేళ్లకే ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువులో దత్త మండలాల జనం పడ్డ బాధకు జనాభా లెక్కలే సాక్ష్యం: 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ధాన్యం రైలు మీద స్టేషన్ల దాకా చేరగలిగినా అక్కడి నుంచి లోపలికి తీసుకుపోవాల్సిన ఎడ్లకు మేత లేదు, నీళ్లు లేవు. బండ్లు ఆగిపోతే గింజలు కూడా ఆగిపోయినట్టే.

ఈ అనుభవం తర్వాత 1880లో కరువు కమిషన్ చేసిన సిఫార్సుల్లో ముఖ్యమైనది, లాభం వస్తుందా రాదా అన్నది పక్కనపెట్టి కరువు సీమల గుండా రక్షణ మార్గాలు వేయాలన్నది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీకి దక్షిణ దక్కను కరువు ప్రాంతాల పని దక్కింది. గుంతకల్లు నుంచి డోన్, బేతంచెర్ల, పాణ్యం, నంద్యాల మీదుగా నల్లమలను దాటి గిద్దలూరు, బెజవాడల వైపు పోయే మీటర్ గేజి మార్గం ఆ దశకంలో పడింది. పడమర చివర గోవా తీరంలోని మార్మగోవా రేవు, తూర్పు చివర కృష్ణా డెల్టా వరి పొలాలు. డెల్టా బియ్యం కరువు నేలకు రావాలి, దక్కను పత్తి రేవుకు పోవాలి. లెక్క అంతవరకే. నాపరాయి ఆ లెక్కలో లేదు. నల్లమలలో బోగద దగ్గర సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన కట్టడానికి పడ్డ శ్రమతో పోలిస్తే బేతంచెర్ల ఇంజనీర్లకు చెప్పుకోదగ్గ చోటు కూడా కాదు, దారిలో ఒక స్టేషన్ మాత్రమే.

ఒక చిన్న సమకాలికత మాత్రం ఇక్కడ ఆసక్తికరం. ఈ మార్గం పని జరుగుతున్న సంవత్సరాల్లోనే, 1884 ప్రాంతంలో, భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలను తవ్విస్తున్నాడు. 1840లలో బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ ఆ గుహల్లో శిలాజ ఎముకలు ఉన్నాయని రాసి ఉన్నందున, ఫుట్, ఆ తర్వాత ఆయన కొడుకు లెఫ్టినెంట్ హెన్రీ ఫుట్ గుహల అడుగు మట్టిని పొరపొరగా తీయించి అంతరించిన జంతువుల ఎముకలను బయటపెట్టారు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను ఆయన గుర్తించినదీ 1884లోనే. గుహలైనా గనులైనా సున్నపురాయి లక్షణం ఒక్కటే: నీరు దాన్ని కరిగిస్తే గుహ, మనిషి దాన్ని చీలిస్తే గని. బిల్లసర్గానికి దేశదేశాల పండితుల్లో పేరు వచ్చింది. బేతంచెర్లకు ఇల్లు కట్టే మేస్త్రుల్లో పేరు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

రైలుకూ రాతికీ నిజమైన ముడి మొదట పడింది పని చేసిన చేతుల దగ్గర. రాయలసీమలో మట్టి పని, రాతి పని తరతరాలుగా వడ్డెర కులస్థులది. వారిలోనే రాతి వడ్డెలు, మట్టి వడ్డెలు అని రెండు శాఖలు చెప్పుకుంటారు. చెరువు కట్టలు వేసినవారు, కాలువలు తవ్వినవారు, కోటలకు రాయి కొట్టినవారు వారే. పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణాదిన రైలు కట్టలు పోయడానికి కంట్రాక్టర్లు వెతికింది కూడా వారినే, ఎందుకంటే కొలత పనికి, అంటే తవ్విన మట్టిని కొలిచి కూలి లెక్కగట్టే పద్ధతికి, కుటుంబమంతా కలిసి గుంపుగా దిగగలిగినవారు వారే. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు గంపలెత్తారు. పని ఎక్కడికి జరిగితే గుడిసెలు అక్కడికి జరిగాయి. రైలు కట్ట పని ఏదో ఒక రోజు అయిపోతుంది, రాతి పని అయిపోదు. అందుకే ఈ ప్రాంతపు నాపరాతి గనుల్లో ఉలి పట్టే నేర్పు నిలబడటంలో ఈ కులానికి ఉన్న పాలు, గనుల కథ చెప్పేటప్పుడు యజమానుల పేర్ల కంటే ముందు చెప్పవలసినది.

రైలు మార్గం ఊళ్ల ఆకారాన్ని కూడా మార్చింది. రాయలసీమలో చిరునామాల్లో 'ఆర్.ఎస్.' అన్న రెండక్షరాలు ఈనాటికీ కనిపిస్తాయి: గుత్తి ఆర్.ఎస్. అందరికీ తెలిసినదే. బేతంచెర్ల మండలంలో మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం ఉన్న ఊరు ఆర్.ఎస్. రంగాపురం. దేవుడి చిరునామాలో కూడా రైల్వే స్టేషన్ చేరిందన్న మాట. పాత ఊరు ఒకచోట, స్టేషన్ మరోచోట, మధ్య బండి బాట; క్రమంగా ఆ బాట వెంట హోటలు, ధాన్యం కొట్టు, కలప అడితి, ఇనుప సామాను దుకాణం వెలిసి, పాత ఊరూ స్టేషనూ ఒకటైపోవడం ఈ సీమలో పలుచోట్ల జరిగిన సంగతే. రైల్వే ఉద్యోగం అంటే నెల జీతం. వాన మీద ఆధారపడ్డ పల్లెలో వానతో సంబంధం లేకుండా నెలకోసారి డబ్బు ఖర్చుపెట్టే కుటుంబాలు పది ఉన్నా అంగడి నిలబడుతుంది.

అయితే నాపరాయి ఈ రైలు ఎక్కడానికి రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది రాయి స్వభావం. బండలను పడుకోబెట్టి పేరిస్తే పై బరువుకూ కుదుపుకూ అడుగువి పగులుతాయి. నిలువుగా ఆనించి, సందుల్లో గడ్డి కూరి నిలబెట్టాలి. ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి చెయ్యి మారినప్పుడల్లా కొన్ని మూలలు రాలతాయి, కొన్ని పలకలు రెండవుతాయి. రెండోది గేజి. బేతంచెర్ల మార్గం పట్టాల మధ్య ఎడం 1000 మిల్లీమీటర్లు. మద్రాసు, బొంబాయిల వైపు పోయే మార్గం ఎడం 1676 మిల్లీమీటర్లు. రెండూ కలిసే గుంతకల్లులో ఒక బండిలోంచి దించి మరో బండిలోకి ఎక్కించక తప్పదు. ధాన్యం బస్తాకు ఇది హమాలీ ఖర్చు మాత్రమే, బండకు ఇది ప్రాణాపాయం. తాడిపత్రి, ఎర్రగుంట్ల మొదటి నుంచీ పెద్ద గేజి మార్గం మీద ఉన్నాయి కాబట్టి అక్కడి రాయి దించకుండానే మద్రాసు చేరగలిగేది. నల్ల రంగు బండకు 'కడప' అన్న పేరు దక్షిణాది పట్నాల్లో ముందుగా, గట్టిగా నాటుకుపోవడానికి ఈ తేడా కూడా ఒక కారణమై ఉంటుందని ఊహించడం తప్పు కాదు.

గేజి అడ్డంకి బాధించని సరుకు మరొకటి బేతంచెర్ల పక్కనే ఉంది. నార్జి సున్నపురాయి కంటే చాలా పాతదైన వేంపల్లె డోలమైటు శిలల్లో, వాటిలోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలల అంచుల్లో, ముగ్గురాయి సిరలుగా దొరుకుతుంది. శాస్త్రం దాన్ని బెరైటీసు అంటుంది. తెల్లగా ఉంటుంది, పొడి చేస్తే ముగ్గుకు పనికొస్తుంది, చేత్తో ఎత్తితే మాత్రం అదే పరిమాణంలో ఉన్న మామూలు రాయి కంటే బరువని వెంటనే తెలుస్తుంది. నీటికి దాదాపు నాలుగున్నర రెట్ల సాంద్రత దానిది. ఆ బరువే దాని విలువ. రంగుల తయారీకి, ఆ తర్వాత చమురు బావుల్లో పైకి తన్నే ఒత్తిడిని అణచే బురదలో కలపడానికి గిరాకీ వచ్చింది. 1930లలో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన ఎ.ఎల్. కౌల్సన్ దత్త మండలాల బెరైటీసు మీద ప్రత్యేక నివేదిక రాయవలసి వచ్చిందంటే అప్పటికే ఈ గనులకు ఎంత ప్రాధాన్యం వచ్చిందో తెలుస్తుంది. దానితోపాటే బలపపురాయీ ఈ ప్రాంతంలో దొరికింది. బలపాలపల్లె అన్న ఊరి పేరు వింటే శాస్త్రజ్ఞుల కంటే ముందే ఊరివాళ్లకు అది తెలుసని అనిపిస్తుంది.

ముగ్గురాయి పగిలినా నష్టం లేదు, ఎలాగూ పొడి చేసేదే. గుట్టగా పోయవచ్చు, పారతో ఎత్తవచ్చు, బస్తాల్లో కట్టవచ్చు. తక్కువ చోటులో ఎక్కువ బరువు కాబట్టి వ్యాగన్ చోటు వృథా కాదు. రైలు ఇలాంటి సరుకును ఇష్టపడుతుంది. తర్వాతి కాలంలో అప్పటి కడప జిల్లా మంగంపేటలో పొరగా పరుచుకున్న అతి పెద్ద నిక్షేపం బయటపడి, ప్రపంచంలోనే పెద్ద బెరైటీసు నిక్షేపాల్లో ఒకటిగా పేరు తెచ్చుకోవడంతో సన్నని సిరల్లో తవ్వే బేతంచెర్ల గనులు దాని నీడలో పడిపోయాయి. ముగ్గురాయి వెలుగులో ఉన్న కాలానికి మాత్రం ఈ చిన్న స్టేషన్ గూడ్సు అరుగు మీద నాపరాయి కంటే దానికే పెద్దపీట అనడం న్యాయం.

దాని తర్వాత రైలుకు నచ్చిన రెండో సరుకు సిమెంటు. నార్జి సున్నపురాయి ముద్దగా ఉన్న చోట పలకలుగా చీలదు గానీ, బంకమన్ను తక్కువ కాబట్టి సిమెంటుకు సరిపోతుంది. 1950లలో పాణ్యం సిమెంట్స్ బేతంచెర్ల, పాణ్యం స్టేషన్ల మధ్య బుగ్గానిపల్లె దగ్గర కర్మాగారం పెట్టింది. ఊరికి సిమెంట్ నగర్ అన్న పేరు, స్టేషన్‌కు బుగ్గానిపల్లె సిమెంట్ నగర్ అన్న పేరు స్థిరపడ్డాయి. కడప జిల్లాలో ఎర్రగుంట్ల, చిలంకూరుల దగ్గర సిమెంటు కర్మాగారాలు రావడానికీ కారణం అదే జోడింపు: కింద రాయి, పక్కన పట్టాలు. బొగ్గు రైలు మీద లోపలికి రావాలి, సిమెంటు రైలు మీద బయటికి పోవాలి. ఇక్కడ రైలు లేకపోతే పరిశ్రమ లేదు. నాపరాతి గని గురించి అంత ఖాయంగా చెప్పలేం.

ఒకే రాయి రెండు పరిశ్రమలకు మూలమైనా చట్టం దృష్టిలో అది రెండు వేర్వేరు వస్తువులు. సిమెంటుకు పోయే సున్నపురాయి 1957 నాటి గనుల, ఖనిజాల చట్టం కింద ప్రధాన ఖనిజం. ఇంటికి పరిచే నాపరాతి పలక 1966 నాటి రాష్ట్ర నియమాల కింద చిన్న తరహా ఖనిజం. మొదటిదానికి విశాలమైన లీజులు, పెద్ద కంపెనీలు, దశాబ్దాల ప్రణాళికలు. రెండోదానికి కొద్ది ఎకరాల లీజులు, అన్నదమ్ములో భాగస్వాములో నడిపే గనులు. ఈ వర్గీకరణ ఎంత మనిషి చేతిలోదో ముగ్గురాయిని చూస్తే తెలుస్తుంది: 2015లో దాన్ని చిన్న తరహా ఖనిజాల్లోకి మార్చారు, 2025 ఫిబ్రవరిలో మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి తెచ్చారు. రాయి అదే, గని అదే. అనుమతి ఇచ్చే కార్యాలయమూ రాసే కాగితమూ మారాయి.

చిన్న లీజులంటే చిన్న మొత్తాల్లో సరుకు. నాపరాయి వ్యాపారం లారీకి సరిగ్గా సరిపోవడానికి అసలు కారణం ఇదే. ఒక ఊళ్లో ఇల్లు కట్టుకునేవాడికి కావలసింది కొన్ని వందల చదరపు అడుగుల బండ. పట్నంలో దుకాణదారుకు ఒక లారీ లోడు. ఆ లోడులో రెండు రంగులు, మూడు కొలతలు, కొంత పాలిష్ చేసినది, కొంత చేయనిది ఉండవచ్చు. లారీ గని దగ్గరికి వస్తుంది, లేదా ఫ్యాక్టరీ గుమ్మంలో ఆగుతుంది. అక్కడ ఎక్కించిన బండ కొనేవాడి ముంగిట దిగుతుంది. మధ్యలో చెయ్యి మారదు. రైలు మీద పంపితే గని నుంచి స్టేషన్‌కు ఒక బండి, అక్కడ వ్యాగన్, ఆ చివర మళ్లీ ఒక బండి. కిరాయి తక్కువే కావచ్చు, పగుళ్లు మాత్రం మూడింతలు.

పాలిష్ యంత్రాలు, కోత యంత్రాలు వచ్చాక ఈ మొగ్గు ఇంకా పెరిగింది. అంచులు చెక్కని మోటు పలక ఒక మూల రాలినా పరిచేవాడు సర్దుకుంటాడు. నాలుగు అంచులు సూటిగా కోసి, ముఖం నునుపు చేసిన పలక మూల రాలితే దాని ధర సగమవుతుంది. ఊరి చుట్టూ రోడ్ల వెంట పుట్టుకొచ్చిన పాలిష్ ఫ్యాక్టరీలు స్టేషన్ వైపు కాకుండా రోడ్డు వైపే ముఖం పెట్టుకుని ఉండటం యాదృచ్ఛికం కాదు. బూడిద రంగు, ఆకుపచ్చ, పసుపు, గోధుమ ఛాయల్లో దొరికే రాయిని కలిపి నేల మీద అల్లికలు వేయడం, చిన్న ముక్కలను కూడా వ్యర్థం చేయకుండా అంచు పట్టీలుగా అమ్మడం ఈ ఫ్యాక్టరీలు తెచ్చిన నేర్పు. బేతంచెర్ల మార్బుల్ అని కొందరు వ్యాపారులు పిలిచినా అది చలువరాయి కాదు, సున్నపురాయే. మెరుగు పెడితే వచ్చే నిగనిగ చూసి పెట్టిన పేరు అది. దాన్ని అబద్ధమనడం కంటే మురిపెం అనుకోవడం మంచిది.

గేజి మార్పు కథ ఈ నేపథ్యంలోనే చూడాలి. 1908లో సదరన్ మరాఠా, మద్రాసు రైల్వేలు ఒకటైనప్పుడు గానీ, 1951లో ఆ సంస్థ దక్షిణ రైల్వేలో కలిసినప్పుడు గానీ, 1977లో గుంతకల్లు డివిజను దక్షిణ మధ్య రైల్వే చేతికి వెళ్లినప్పుడు గానీ బేతంచెర్ల మీదుగా పోయే పట్టాల ఎడం మారలేదు. వందేళ్లు దాటాక, 1990లలో గుంటూరు, గుంతకల్లు మార్గాన్ని విడతలవారీగా బ్రాడ్ గేజికి మార్చారు. నల్లమలలో దారి కొంత పక్కకు తిరిగి, పాత దొరబావి వంతెన పనిలేనిదైంది. ఇక గుంతకల్లులో దించి ఎక్కించే అవసరం లేదు. నాపరాయికి శతాబ్దం పాటు అడ్డుపడ్డ గేజి తొలగిపోయింది. సరిగ్గా ఆ కాలానికే భారత రైల్వేలు మరో దారి పట్టాయి. 1980ల నుంచి ఒక్కొక్క వ్యాగన్ సరుకును బుక్ చేసుకుని, దారిలో స్టేషన్ స్టేషన్‌కూ కలుపుతూ విడదీస్తూ నడిపే పద్ధతిని తగ్గించుకుని, ఒకే సరుకుతో నిండిన పూర్తి రేక్‌లను, అంటే మొత్తం గూడ్సు బండ్లను, ఒక చోటి నుంచి మరో చోటికి నేరుగా నడపడం మీద దృష్టి పెట్టాయి. రైల్వే లెక్కలో అది తెలివైన నిర్ణయం. బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు త్వరగా కదిలాయి. కానీ ఒక పూర్తి రేక్ నింపడానికి ఎంతమంది నాపరాతి వ్యాపారులు ఒకే రోజు, ఒకే ఊరికి, ఒకే రకం సరుకు పంపాలి? పట్టాల ఎడం కుదిరేసరికి సరుకు పరిమాణం కుదరకుండా పోయింది.

ఎర్రగుంట్ల, నంద్యాల మార్గం ఇదే పాఠాన్ని ఇంకోసారి చెబుతుంది. 123 కిలోమీటర్ల ఈ కొత్త మార్గం 1996-97లో మంజూరై, ఇరవై ఏళ్ల పాటు ముక్కలు ముక్కలుగా సాగి, 2016లో పూర్తయింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, నొస్సం, సంజామల, కోవెలకుంట్ల, బనగానపల్లె: ఈ స్టేషన్ల పేర్లు చదివితే నాపరాతి గనుల పటం చదివినట్టే ఉంటుంది. 1870లలోనో 1880లలోనో ఈ దారి పడి ఉంటే బండల దుకాణాల్లో కోవెలకుంట్ల బండలు, నొస్సం బండలు అన్న పేర్లు వినిపించి ఉండేవి కావచ్చు. 2016లో వచ్చిన రైలు జనానికి, సిమెంటు కర్మాగారాలకు అక్కరకొచ్చింది. బండకు కొత్త పేరు పెట్టే అధికారం అప్పటికే స్టేషన్ చేతిలోంచి పోయింది.

ఇప్పుడు ఈ వ్యాపారం ముందున్న సమస్య రవాణా కాదు, నేల. మొదట గ్రానైటు, తర్వాత కర్మాగారాల్లో కొలిమిలో కాల్చి తీసే టైల్సు పట్నపు ఇళ్ల నేలలను ఆక్రమించాయి. టైలుకు పొర తప్పు ఉండదు, రంగు మారదు, ఒకే కొలతలో వేలకు వేలు దొరుకుతుంది. నాపరాయి బలం వేరు: ఎండాకాలం చల్లగా ఉంటుంది, బరువు పడ్డా ఓర్చుకుంటుంది, వాడిన కొద్దీ నునుపెక్కుతుంది, ధర తక్కువ. ఆమ్లం పడితే మాత్రం మచ్చ పడుతుంది; నిమ్మరసం ఒలికిన వంటింటి గట్టు చూసిన వారికి ఇది చెప్పనక్కర లేదు. పల్లె ఇళ్లు, గోదాములు, బడులు, గుడి ప్రాకారాలు దాని నికరమైన మార్కెట్టుగా మిగిలాయి. కరెంటు ఛార్జీ, సీనరేజీ (తవ్విన రాయి మీద ప్రభుత్వం వసూలు చేసే రుసుము) పెరిగినప్పుడల్లా చిన్న ఫ్యాక్టరీలు మూతపడటం, కాస్త ఊరట దొరికితే మళ్లీ తెరుచుకోవడం ఈ సీమలో రివాజు. ఫ్యాక్టరీ ఆగిన నాడు గని ఆగుతుంది, గని ఆగిన నాడు రోజు కూలి ఆగుతుంది. లారీ డ్రైవరు, హమాలీ, ఉలులకు పదును పెట్టే కమ్మరి, టీ అంగడి అన్నీ ఆ వరుసలోవే.

మరో సమస్య వ్యర్థం. గనిలో తవ్విన దానిలో అమ్ముడుపోయే పలక కొంత భాగమే. మిగిలినది ముక్కలుగా, తుక్కుగా గని అంచున గుట్టలుగా పెరుగుతుంది. పాలిష్ యంత్రాల దగ్గర నీళ్లతో కలిసి కారే రాతి పిండి ఆరాక తెల్లని పొడై గాలికి లేస్తుంది, రోడ్డు పక్క గుంతల్లో, వాగుల్లో పేరుకుంటుంది. పొలాల మీద పడితే నేల బిగుసుకుపోతుంది. 2021 నవంబరులో తొలి ఎన్నికలు జరిగిన నగర పంచాయతీ బేతంచెర్లది. అంటే ఈ పిండిని ఎక్కడ పోయించాలన్నది ఇప్పుడు ఒక పల్లె సమస్యగా కాక ఒక పురపాలక సమస్యగా ముందుకొస్తుంది. ఆ పిండి చాలావరకు సున్నపు కార్బనేటే కాబట్టి, రసాయన పరీక్షలో సరిపోతే సిమెంటు ముడిసరుకులో కొంత పాలు దానితో భర్తీ చేయవచ్చు. బూడిదను విద్యుత్ కేంద్రాల నుంచి తీసుకుని సిమెంటులో కలుపుతున్నట్టే ఇదీ. అడ్డంకి శాస్త్రం కాదు, మోత ఖర్చు. తడి పిండి బరువు, పొడి పిండి దుమ్ము. వందలాది చిన్న ఫ్యాక్టరీల ముంగిళ్ల నుంచి దాన్ని పోగు చేసి ఒకచోట గుట్ట పోయాలి. అలా పోగైతే అది పగిలేది కాదు, రంగులు చూసుకోవలసినది కాదు, ఒకే సరుకు, ఒకే గమ్యం. బేతంచెర్ల బండ ఏనాడూ నింపలేని పూర్తి రేక్‌ను బేతంచెర్ల పిండి నింపగలదేమో లెక్క వేయవలసినది ఆ స్టేషన్ గూడ్సు అరుగు దగ్గరే.